నాలుగు దెబ్బల చీకటి

డోరాయ్ లింగాట్ బుర్రలో ఆలోచనలకు ఎన్నడూ కొదవ లేదు. కొదవల్లా వాటిని పట్టుకుని నిలబడే ధైర్యానికే.

పూలుంగ్ పేటలో ఆమె పార్లరు తెలియనివాళ్లు లేరు. ముందుగదిలో రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం, జుట్టు ఆరబెట్టే యంత్రం ఒకటి. ఆ యంత్రం పనిచేసే రోజులకన్నా అలిగి కూర్చునే రోజులే ఎక్కువ. ఇరవై ఆరేళ్లుగా పేటలోని పెళ్లికూతుళ్లకూ, పంతులమ్మలకూ, చర్చిలో పాటలు పాడేవాళ్లకూ జుట్టు కత్తిరించేదీ, చుట్టేదీ, రంగు వేసేదీ డోరాయే. కత్తెర ఆడుతున్నంతసేపూ ఆమె నోరూ ఆడుతుంది. ఆ మాటల్లో పదింటికి ఒకటి బంగారంలాంటి ఆలోచన ఉంటుంది. చిక్కేమిటంటే, అది బయటపడీ పడకముందే ఆమే దాన్ని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. "అబ్బే, ఊరికే అన్నాను లెండి" అంటుంది.

అలా ఊరికే అన్నవాటితో ఎంతమంది బాగుపడ్డారో! కూడలిలో రొట్టెల కొట్టు ఆవిడతో ఓసారి, "రొట్టె మధ్యలో ఊరబెట్టిన బాతుగుడ్డు ముక్క పెడితే ఎలా ఉంటుందో... అబ్బే, ఊరికే అన్నాను" అంది. ఆవిడ పెట్టింది. ఇప్పుడా కొట్టుకు పై అంతస్తు లేచింది. డోరాయ్ మొగుడు ఆంబో జీప్‌నీ నడుపుతాడు, అంటే జనాన్ని ఎక్కించుకు తిరిగే పొడుగాటి జీపు. దాని వెనకమెట్టు ముసలమ్మలకు అందడం లేదని, కింద ఇంకో మెట్టు వేయిస్తే బాగుంటుందని పార్లరులో నలుగురి ముందూ అంది. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. వారం తిరక్కుండా వేరే జీప్‌నీవాడు ఆ మెట్టు వేయించాడు. ఆ దారిలో ముసలమ్మలందరూ వాడి బండే ఎక్కడం మొదలుపెట్టారు.

"నాకు చెప్పడానికి నోరు రాలేదా నీకు? ఊరందరికీ చెప్పావు!" అని ఆంబో నెల్లాళ్లు గొణిగాడు.

"నువ్వు నవ్వుతావనుకున్నాను."

"నవ్వితే నవ్వేవాణ్ణి, ఆ తర్వాత మెట్టు వేయించేవాణ్ణి కదా!"

నవ్వు. అసలు రోగమంతా అక్కడే ఉంది. పదకొండేళ్లప్పుడు బడి నాటకంలో డోరాయ్ దేవదూత వేషం వేసింది. మిగతా పిల్లలు అట్టముక్కలతో రెక్కలు కట్టుకుంటే, పచ్చటి దేవదూత ఎందుకు ఉండకూడదని ఈవిడ అరటాకులతో కట్టుకుంది. మొదటి పాటకు రెక్కలు చూడముచ్చటగా ఉన్నాయి. మూడో పాట వచ్చేసరికి వాడిపోయి, రెండూ భుజాల మీంచి జారి వేలాడాయి. దేవదూత కాస్తా వానలో తడిసిన కోడిలా తయారైంది. బడంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వినవాళ్లు మర్నాటికే మరిచిపోయారు. ఈవిడ మాత్రం నలభై ఏళ్లు మరవలేదు, పిచ్చిది!

ఇక లాంతరు సంగతికి వద్దాం. పంపాంగా సీమలో క్రిస్మస్ వస్తోందంటే పేటకొక లాంతరు పోటీకి దిగాల్సిందే. చేత్తో పట్టుకుని తిరిగే లాంతరు కాదు. రెండంతస్తుల మేడంత గుండ్రటి చట్రం, దాన్నిండా వేల బల్బులు. బ్యాండు వాయించే పాటకు ఆ దీపాలు రేకలు విప్పాలి, ముడుచుకోవాలి, గిరగిరా తిరగాలి. వాటిని ఆడించేది ఏ కంప్యూటరో అనుకునేరు. ఒకే ఇరుసుకు గుచ్చిన ఆరు ఇనప పీపాలు, వాటిని తిప్పడానికి చచ్చిపోయిన జీప్‌నీలోంచి పీకిన స్టీరింగు. పీపా ఒంటినిండా కరెంటు పారుతుంది. పీపాకు ఆనుకుని వరసగా వందల హెయిర్ పిన్నులు, ఒక్కో పిన్ను నుంచి ఒక్కో బల్బుల గుత్తికి తీగ. పిన్ను ఇనుముకు తగిలితే ఆ గుత్తి వెలుగుతుంది, టేపు అంటించిన చోటికి వస్తే ఆరిపోతుంది. అంతే మంత్రం. పాటలో పెద్ద డోలు ఏ దెబ్బకు ఏ దీపం వెలగాలో, ఏది ఆరాలో ముందే ఆలోచించి పీపాల మీద టేపు అంటించాలి.

ఆ విద్య పూలుంగ్ పేటలో ఒక్కడిదే. అతని పేరు డాడో. పెద్దన్నను అక్కడ కోయా అంటారు. డెబ్బై ఏళ్ల డాడో పేట మొత్తానికి కోయాయే. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతిని వెంట్రుకవాసి కూడా మార్చకుండా కాపాడుకుంటూ వస్తున్నాడు. అతని లాంతరు ఏటా ఒకేలా ఆడుతుంది. నడుమ మొదలై అంచులకు పేలుతుంది, మళ్లీ నడుమ మొదలై మళ్లీ పేలుతుంది. పదకొండేళ్లుగా పేటకు ఏ బహుమతీ రాలేదు. ఆ మాట కోయా ముందు ఎత్తే మొనగాడు పేటలో లేడు.

పిన్నులు మాత్రం డోరాయ్ పార్లరు నుంచే వెళ్తాయి. పంతొమ్మిదేళ్లుగా వాటిని వంచి బిగించేది కూడా ఆమే. ఏ పిన్ను ఏ రేకకు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆ మాటకొస్తే టేపు విద్య కూడా ఆమెకు ఎప్పుడో వంటబట్టింది. అదీ ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ల కిందట ఒక డిసెంబరు తెల్లవారుజామున, చర్చిలో అందరూ పాడుతుండగా కరెంటు పోయింది. ఎవరూ ఆగలేదు. చీకట్లో పాట ఇంకా పెద్దదైంది. రోజూ పెదవులు మాత్రం కదిపి ఊరుకునేవాళ్లు కూడా గొంతెత్తి పాడారు. కరెంటు వచ్చాక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని సిగ్గుపడి నవ్వుకున్నారు. అదిగో, అప్పుడు తట్టింది డోరాయ్‌కి. లాంతరు కూడా పాట మధ్యలో ఒక్కసారి పూర్తిగా ఆరిపోతే? ఒక్క బల్బు కూడా మిగలకుండా? ఆ తర్వాత నడిమి నుంచి కాకుండా అంచుల నుంచి వెలుగు లోపలికి నడిచి వస్తే? ఆరేళ్లూ నవంబరు రాగానే చెబుదామని షెడ్డుకు వెళ్లేది, పిన్నులు వంచి తిరిగి వచ్చేసేది.

ఈ ఏడు కోయా కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. వంగితే కన్ను పోతుందని డాక్టరు భయపెట్టి పంపాడు. అందుకని షెడ్డులో కుర్చీ వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని కోయా చెబుతుంటే, టేపు అంటించే పని డోరాయ్ మీద పడింది. పక్క పేటల వేగులవాళ్లు తొంగిచూడకుండా చుట్టూ టార్పాలిన్లు కట్టేశారు.

"ఎనిమిదో వరస, మూడు వేళ్ల టేపు. తొమ్మిది ఖాళీగా వదిలెయ్. పదికి మళ్లీ మూడు వేళ్లు" అంటూ కోయా చెప్పుకుపోతున్నాడు. పాటలో సగం దాకా టేపు పడింది, అది పాడేవాళ్లంతా ఊపిరి పీల్చుకునే చోటు. అక్కడ డోరాయ్ చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది? కునుకు పట్టిందా?"

"కోయా, ఇక్కడ..."

"ఊఁ, ఇక్కడ?"

"ఏం లేదులే. చెప్పు."

"పదకొండో వరస, రెండు..."

"కోయా, ఇక్కడ అన్నీ ఆర్పేద్దాం!"

అనేశాక గాని తను అన్నానని ఆమెకే తెలియలేదు. 'అబ్బే, ఊరికే' అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఈసారి దాన్ని మింగేసింది.

"అన్నీ అంటే?"

"అన్నీ. ఆరు పీపాల మీదా అడ్డంగా టేపు వేసేద్దాం. నాలుగు దెబ్బలసేపు ఒక్క బల్బు వెలగకూడదు. ఆ తర్వాత అంచుల నుంచి లోపలికి రావాలి."

డాక్టరు తీయొద్దన్నా వినకుండా కోయా నల్లద్దాలు తీసేశాడు. "నీకు మతిగాని పోయిందా డోరాయ్? లాంతరుండేదే వెలగడానికి. ఆరిపోయిన లాంతరూ శవమూ ఒకటే! మా నాన్న వింటే సమాధిలోంచి లేచొచ్చి చెప్పుచ్చుకు కొడతాడు."

"కొట్టనీ కోయా. మీ నాన్న కూడా పాడేటప్పుడు ఊపిరి పీల్చుకునేవాడే కదా? మనుషులంతా ఊపిరి తీసుకునే చోట దీపాలు మాత్రం ఆగకుండా అరుస్తూ ఉండాలా?"

అంతలో కోయా భార్య మామెంగ్ అరటాకుల్లో చుట్టి ఉడికించిన బియ్యపు మిఠాయి, సుమన్ పొట్లాలు పట్టుకుని వచ్చింది. టార్పాలిన్ అవతల నిలబడి మొత్తం వినేసింది ఆవిడ. వేగులవాళ్లను ఆపగలిగిన టార్పాలిన్ పెళ్లాన్ని ఆపుతుందా?

"అమ్మాయి చెప్పింది చేసి చావరాదూ?" అంది. "నలభై ఐదేళ్లుగా చూస్తున్నా నీ లాంతరు. మధ్యలో మొదలు, అంచుకు ఢాం. మళ్లీ మధ్యలో, మళ్లీ ఢాం. పోయిన ఏడు నేను నిద్రపోయాను, నీకు చెప్పలేదు."

కోయా మొహం మాడిపోయింది. "నిద్రపోయావా? నా లాంతరు ఆడుతుండగానా? పాట మొత్తమా?"

"లేదులే. మూడో ఢాం దాకా మేలుకునే ఉన్నా."

కోయా ఒక సుమన్ పొట్లం విప్పుకుని తిన్నాడు. రెండో పొట్లం కూడా విప్పాక, "సరే, ఒక్క దెబ్బ" అన్నాడు.

"నాలుగు."

"రెండు చాలు. కన్ను ఆర్పినట్టు ఉంటుంది."

"కన్ను ఆర్పడం కాదు కోయా నాక్కావలసింది. జనం ముందు కంగారుపడాలి, ఆ కంగారు తగ్గాలి, అప్పుడు వాళ్లకు పాట వినబడాలి. దానికి నాలుగూ కావాల్సిందే."

"పోనీ మూడు!"

"నాలుగు."

చేపల బజారులో ఎవరైనా గట్టిగా చూస్తేనే చెప్పిన ధర ఇచ్చి వచ్చేసే మనిషి, ఇక్కడ జానెడు టేపు దగ్గర అంగుళం కూడా తగ్గలేదు. ఇదెక్కడి మొండితనం అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"అయితే విను," అన్నాడు కోయా నల్లద్దాలు మళ్లీ పెట్టుకుంటూ. "పదకొండేళ్లుగా ఓడిపోతున్నా నా లాంతరు మాత్రం ఏనాడూ ఆరలేదు. రేపు మైదానంలో జనం నవ్వితే ఆ నవ్వు నా నెత్తిన పడకూడదు. ఇదెవరి పని అని ఎవరడిగినా నువ్వే ముందుకొచ్చి, నాదేనని చెప్పాలి. చెబుతావా?"

జనం నవ్వితే. ఆ ఒక్కమాట వినగానే డోరాయ్ చేతిలోని టేపు చుట్ట కింద పెట్టేసింది. పీపా అంచు పట్టుకుని నిలబడింది. తల అడ్డంగా ఊపితే చాలు, హాయిగా ఇంటికెళ్లి అన్నం వండుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మామెంగ్‌కీ తెలుసు. అందుకే ఆవిడ కళ్లప్పగించి చూస్తోంది.

"చెబుతాను" అంది డోరాయ్. గొంతు పీలగా వచ్చింది. వచ్చింది కదా, అది చాలు.

స్టీరింగు తిప్పేది ఆంబో. ఇరవై ఏళ్లుగా ఆ పని అతనిదే. వేగులవాళ్ల భయంతో లాంతరును పొద్దుగూకాక ఒక్కసారి కూడా వెలిగించి చూడలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనే తిప్పి సరిచూసుకున్నారు. ఆ ఎండలో బల్బులు వెలిగాయో ఆరాయో కూడా సరిగా తెలియలేదు. దాని ఫలితం ఏమిటో పోటీనాడు గాని బోధపడలేదు వాళ్లకు.

పోటీనాటి సాయంత్రం మైదానం కిక్కిరిసిపోయింది. పూలుంగ్ పేట వంతు ఐదోది. లాంతరు వెనక పీపాల పక్కన, జడనిండా అదనపు పిన్నులు గుచ్చుకుని నిలబడింది డోరాయ్. బ్యాండు ఎత్తుకుంది. ఆంబో తిప్పాడు. లాంతరు ఎప్పటిలాగే నడుమ మొదలై పేలింది. జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు. ఇంకోసారి పేలింది. చప్పట్లు పలచబడ్డాయి.

పాట ఊపిరి తీసుకునే చోటికి వచ్చింది. లాంతరు ఆరిపోయింది.

"అయ్యో!" అని మైదానమంతా ఒక్క గొంతుతో అంది. పక్క పేట కుర్రకారు ఈలలు వేశారు. "కరెంటు పోయింది! పూలుంగ్ పేట పని అయిపోయింది, ఇంటికి పోండర్రా!" అన్నారెవరో. నవ్వులు ఎగసిపడ్డాయి.

దానికి తోడు ఇంకో ఘోరం జరిగింది. పీపా మీద పిన్నుల గీకుడు ఆగిపోయింది. దీపాలు ఆరితే కరెంటు పోయినట్టు, కరెంటు పోతే స్టీరింగు ఆపేయాలి. ఇరవై ఏళ్లుగా ఆంబో చేతులకు తెలిసిన నియమం అదొక్కటే. చెప్పిందంతా బుర్రకు గుర్తుంది గాని చేతులకు లేదు. దీపాలు ఆరగానే అవి వాటంతట అవే ఆగిపోయాయి. ఒక దెబ్బ పోయింది. రెండో దెబ్బా పోయింది.

"తిప్పవయ్యా!" అని మొగుడి వీపు మీద ఒక్కటి చరిచింది డోరాయ్. "తిప్పు! ఇది మన చీకటే!"

ఆంబో ఉలిక్కిపడి తిప్పాడు. అప్పుడు వినబడింది. బ్యాండు ఆగలేదు. ఆ చీకట్లో ఎక్కడో వెనక వరసల్లోంచి ఒక ముసలమ్మ పాట అందుకుంది. ఆమె పక్కనున్న పదిమంది కలిశారు, తర్వాత వందమంది, ఆ తర్వాత మైదానమే పాడింది. ఈలలు వేసిన కుర్రకారు కూడా ఈలలు మరిచి గొంతు కలిపారు. ఆ పాట మీదికి లాంతరు అంచున సన్నటి వెలుగు పుట్టి, వరస వెంట వరస లోపలికి నడిచి వచ్చింది. పోయిన దెబ్బల్ని అందుకోవడానికి ఆంబో చెమటలు కక్కుతూ తిప్పాడు. డోరాయ్ ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియదు. మొహమైతే తడిసిపోయింది.

పాట అయ్యీ కాకముందే కళ్లజోడు పెట్టుకున్న న్యాయనిర్ణేత ఒకావిడ కాగితాలు పట్టుకుని లాంతరు వెనక్కి వచ్చింది.

"మధ్యలో కరెంటు పోయినట్టుంది," అంది. "నిబంధన ప్రకారం మీరు మొదటి నుంచీ ఇంకోసారి ఆడొచ్చు. కరెంటు పోయిందని ఇక్కడ సంతకం పెట్టండి చాలు. పోలేదంటారా, చూసింది చూసినట్టే మార్కులు వేస్తాం. ఆరు దెబ్బలసేపు చీకటి నడిచింది, అదీ చెబుతున్నాను."

కోయా డాడో డోరాయ్ మొహం చూశాడు. అది సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. నోరు దురుసేగాని మనసు మెత్తన ఆ మనిషికి. ఆమెను పక్కకు లాగి గుసగుసగా అన్నాడు. "నేను సంతకం పెట్టేస్తాను. ఆ టేపు పీకడమెంత, రెండు నిమిషాల పని. పాత పద్ధతిలోనే ఇంకోసారి ఆడిద్దాం. షెడ్డులో నేనన్న మాట మరిచిపో. నిన్నెవరూ ఒక్క మాట అనరు. అసలు ఎవరికీ తెలియదు. నేనూ చెప్పను, ఒట్టు."

ఎంత తియ్యటి మాట! నలభై ఏళ్లుగా డోరాయ్ వెతుక్కున్నది అలాంటి మాటనే కదా. కోయా సంతకం ఒక్కటి పడితే నవ్వినవాళ్లంతా కరెంటునే చూసి నవ్వినట్టు అవుతుంది. ఆమె తల ఊపబోయింది కూడా. ఊపబోతుండగా ఆ ముసలమ్మ గొంతు చెవిలో ఇంకా వినబడుతూనే ఉంది. నవ్వులు కరెంటుకు పోతే పోయాయి, ఆ పాట కూడా కరెంటుకే పోతుందా? డోరాయ్‌కు జీవితంలో మొదటిసారి తన ఆలోచన తరఫున కోపం వచ్చింది. ఆరేళ్లు కడుపులో మోసిన బిడ్డను తీసుకెళ్లి కరెంటు స్తంభానికి దత్తత ఇవ్వాలా!

"రాసుకోండమ్మా," అంది గట్టిగా. "కరెంటు పోలేదు. నేనే ఆర్పాను. నాలుగు దెబ్బలు నావి. మిగతా రెండూ మా ఆయనవి."

న్యాయనిర్ణేత కళ్లజోడు పైనుంచి ఆంబో వైపు చూసింది.

"నావేనండీ," అన్నాడు ఆంబో చెయ్యెత్తి, బళ్లో పిల్లాడిలా.

ఆవిడకు నవ్వాగలేదు. డోరాయ్ ఎదుటే పకపకా నవ్వింది. డోరాయ్‌కు ఏమీ కాలేదు. పైగా తనకూ నవ్వొచ్చింది.

"పేరు చెప్పండి," అంది ఆవిడ.

"అడోరసియోన్ లింగాట్. పార్లరు డోరాయ్ అని రాసినా చాలు, అందరికీ తెలుసు."

పూలుంగ్ పేటకు మూడో బహుమతి వచ్చింది. పదకొండేళ్ల తర్వాత వచ్చిన బహుమతి, ఇంక సందడికి హద్దేముంది? బ్యాండువాళ్లను పేట దాకా నడిపించుకొచ్చారు. ఆ రెండు దెబ్బలే లేకపోతే మొదటిదే వచ్చేదని ఆంబోను పేటంతా వారం రోజులు ఆడుకుంది. అతను జీప్‌నీ ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు, "తిప్పవయ్యా!" అని అరిచి పారిపోయేవారు. డోరాయ్ పార్లరులో మాత్రం కొత్త చిక్కు వచ్చిపడింది. ఆమె ఏమన్నా చాలు, కుర్చీలో ఉన్నవాళ్లు తల గభాలున ఇటు తిప్పి, "ఏంటీ, ఏమన్నావు? మళ్లీ చెప్పు" అనేవాళ్లు. కత్తెరకు పని కష్టమైపోయింది.

పండగ వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే కోయా డాడో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పోటీ ముందే కదా కోయా కత్తిరించాను! ఇంకేముందని?"

"ఉన్నదాన్నే సర్దు."

డోరాయ్ మెడ చుట్టూ గుడ్డ కట్టింది. కోయా అద్దంలోకి చూసుకున్నాడు.

"పీపాల మీద టేపంతా పీకేశాను."

"మంచి పని చేశావు."

"డాక్టరు నల్లద్దాలు తీసేయమన్నాడు. ఇక వంగొచ్చట."

"అదింకా మంచిది. వచ్చే ఏడు నువ్వే అంటించుకోవచ్చు."

కోయా గొంతు సవరించుకున్నాడు. గుడ్డ కింద చేతులు నలుపుకున్నాడు. ఆ మాట అనడానికి పాపం ఎంత అవస్థ పడ్డాడో చూస్తే జాలేస్తుంది.

"అంటించేది నేనే," అన్నాడు చివరకు. "కాని ఏది ఎక్కడ అంటించాలో నువ్వు కూర్చుని చెప్పు. పాట మొత్తం."

డోరాయ్ చేతిలో కత్తెర ఆగింది. ఆమె కోయా కుర్చీని తన వైపుకు తిప్పుకుంది.

"అయితే విను. బ్యాండు ఎత్తుకోకముందే లాంతరు మొదలవ్వాలి. ఒక్క దీపం, పైన అంచు దగ్గర. అది ఒంటరిగా చుట్టూ తిరిగి వచ్చాకే డోలు మోగాలి."

"పాట లేకుండా దీపం ఆడటమా!" కోయా కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమన్నా బాగుంటుందా అది? ఎవరైనా వింటే..."

"వింటే విననీ," అంది డోరాయ్, భుజం పట్టి కూర్చోబెడుతూ. "నువ్వు కదలకుండా కూర్చో కోయా, చెవి తెగుతుంది. నేనింకా సగం కూడా చెప్పలేదు."